చెరిపేసిన గోళ్ళు

మా అవ్వ చేతిగోళ్ళను నేను ఒకసారి ఉన్నవి ఉన్నట్టు గీశాను. నాలుగు రోజుల తర్వాత వాటిని రబ్బరుతో చెరిపి, ఆ చోట వేరే గోళ్ళు పెట్టాను. చెరిపిన తర్వాతే ఆ బొమ్మను అందరూ మెచ్చుకున్నారు. అవ్వ పోయి ఏడాది దాటింది. ఇన్నాళ్ళలో ఆ గోళ్ళ సంగతి ఇద్దరికే చెప్పాను. ఇది మూడోసారి.

మాది ఎల్లారెడ్డి. మేము అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం. బాపు నా చిన్నప్పుడే పోయాడు. అవ్వ బీడీలు చుట్టి నన్నూ అక్కనూ పెంచింది. అక్కను బీర్కూర్‌లో ఇచ్చారు. అక్కడ అక్క కూడా బీడీలే చుడుతుంది. నాకు మాత్రం అవ్వ ఆ పని నేర్పలేదు. చాట ముందు కూర్చుంటే లేపేది. "నీకెందుకే ఇది? పొయ్యి నీ గీతలు గీసుకోపో" అనేది. నా బొమ్మల్ని ఆమె ఇంట్లో గీతలనే అనేది.

డిగ్రీ చదివే రోజుల్లో వారానికి రెండుసార్లు బస్సెక్కి కామారెడ్డి వెళ్ళేదాన్ని. స్టేషన్ దగ్గరి సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే షాపు మీద ఒక గది. అందులో ఒక రిటైరైన డ్రాయింగ్ మాస్టారు మాకు బొమ్మలు నేర్పేవారు. మేము ఆయన్ను సార్ అనే పిలిచేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు ఆ ఊళ్ళో చాలా షాపులకు ఆయనే బోర్డులు రాశారు. ఫ్లెక్సీలు వచ్చాక ఒక్కటీ మిగల్లేదు. "మంచిదే అయింది, నిచ్చెన ఎక్కుడు తప్పింది" అనేవారు.

ఆయన దగ్గర రెండు పద్ధతులుండేవి. కాగితం కింద ఎడమ మూలన ఆ రోజు తేదీ వెయ్యాలి. వెయ్యకపోతే బొమ్మ ఎంత బాగున్నా చూడరు, బోర్లించి చేతికిచ్చేస్తారు. రెండోది, ఒక వస్తువు మాకు పట్టుబడిందని అనిపించిన రోజే దాన్ని ముందు నుంచి తీసేస్తారు. ఇత్తడి చెంబు మీద వెలుగు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారుతుందో నాకు అప్పుడే తెలుస్తోంది. ఆయన వచ్చి చెంబు తీసుకుపోయారు.

"సార్, ఇప్పుడే వస్తున్నది. ఇంకొక్కటి ఏస్త."

"వచ్చింది మల్ల మల్ల ఏస్తే నీకు సంబురం, నాకు నిద్ర. జరుగు."

చెంబు ఉన్న చోట సగం నీళ్ళున్న గాజు గ్లాసు పెట్టి, అందులో ఒక చెంచా వేశారు. నీళ్ళలోకి దిగిన చోట చెంచా విరిగినట్టు కనపడుతుంది. నేను విరగని చెంచానే గీశాను. సార్ చూసి, "చెంచా విరగదని నీకు తెలుసు. గా తెలిసింది జర పక్కకు పెట్టి చూడు" అన్నారు. తర్వాత నీళ్ళు పిండి, తీగ మీద వేసిన తువ్వాల. దాని తర్వాత నలిగిన పాలిథీన్ కవరు. ప్రతి కొత్త బొమ్మ దగ్గరా మొదటి రెండు రోజులు నాకు చెయ్యే లేనట్టుండేది. మూడో రోజుకు ఏదో ఒక గీత సరిగ్గా పడేది. ఆ గీత కోసమే నేను బస్సెక్కేదాన్ని.

ఇప్పుడు హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీలో చదువుతున్నాను. ఇక్కడా కొత్తవి, కష్టమైనవి ఇస్తారు. కొత్తది ఎదురైనప్పుడు ఏమవుతుందో నాకిప్పుడు కొంత తెలుసు. అది చేతకానితనంతో మొదలవుతుంది. చేతకానప్పుడు మనిషి ఎక్కువసేపు చూస్తాడు. చూడటం కష్టం కాబట్టి, వీలైనంత త్వరగా తనకు తెలిసినదాన్ని తెచ్చి ఆ ఖాళీలో పెట్టేస్తాడు. పెట్టాక బొమ్మ పూర్తయినట్టే కనిపిస్తుంది. ఇది నేను పుస్తకంలో చదవలేదు. అవ్వ చేతుల దగ్గర చేశాను.

ఆ ఏడాది వానలు పడ్డాక సార్ నాకు చేతులు గీయమని చెప్పారు. "ఊకె కూసున్న చేతులు తేకు. పని చేస్తున్న చేతులు పట్టుకరా."

మా ఇంట్లో పని చేస్తున్న చేతులకు కొదవ లేదు. మరునాడు పొద్దున అవ్వ గడప దగ్గర వెలుగులో చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చోగానే, నేను ప్యాడ్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"ఏందే గట్ల జూస్తున్నవ్?"

"నీ చేతులు ఏస్తున్ననవ్వా."

"గీ చేతుల్ల ఏముంది? మూతి మంచిగుంటది, మూతి ఎయ్యి."

"సార్ చేతులే ఏయమన్నడు."

"మీ సారుకు మూతి ఎయ్యొస్తలేదేమో, అడుగు." నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగేదాకా నేను పెన్సిల్ గాల్లో పట్టుకుని ఉన్నాను.

నానబెట్టిన తునికాకును కత్తెరతో కోసి, తంబాకు పరిచి, రెండు చేతుల వేళ్ళ మధ్య చుట్టి, మూతిని బొటనవేలి గోటితో లోపలికి మలిచి, దారం కట్టేది. ఇదంతా నేను ఒక గీత గీసేలోపే అయిపోయేది. అందుకని ఒక చోట ఆపాను. గోటితో మూతి మలిచే దగ్గర. "అవ్వా, గట్లనే ఉండు. కదలకు" అన్నాను. ఉన్నది. దగ్గు వస్తే పెదాలు బిగబట్టి భుజాలు మాత్రం కదిలించి మింగేది. అప్పుడు కూడా చేతులు కదలకుండా చూసుకునేది. నేను దాన్ని మంచి లక్షణంగా తీసుకున్నాను. సార్‌తో చెప్పాను కూడా, "మా అవ్వ మంచిగ కదలకుండ కూసుంటది సార్" అని.

అట్లా పది పన్నెండు రోజులు, రోజుకు కాసేపు. ఆ రోజుల్లోనే ఒకసారి అవ్వ బీడీ తిప్పి చూసుకుంటూ, "ఈ నడుమ మూతి సక్కగ మలువొస్తలేదే" అన్నది. కార్ఖానాలో ఆమె కట్టలు కొన్ని తిప్పి పంపుతున్నారు. "ఆకు మంచిగొస్తలేదు" అని తనే కారణం చెప్పుకున్నది. నేను వేళ్ళ కణుపులు గీస్తున్నాను. విన్నాను, కానీ తల ఎత్తలేదు.

గోళ్ళు చివరికి మిగిలాయి. అవి నన్ను చాలా ఇబ్బంది పెట్టాయి. నాకు తెలిసిన గోరులా అవి లేవు. గోరు మొదలు దగ్గర ఉండే చిన్న పల్లం లేదు. చర్మంలోంచి గోరు ఎత్తుగా లేచి, కొన దగ్గర కిందికి వంగింది, బోర్లించిన చెంచాలాగా. వేళ్ళ కొసలు ఉబ్బినట్టు లావుగా ఉన్నాయి. బొటనవేలికే కాదు, అన్ని వేళ్ళకూ అంతే. నేను మూడుసార్లు చెరిపి నాలుగోసారి ఉన్నది ఉన్నట్టు గీశాను. పెన్సిల్ గట్టిగా నొక్కి గీశాను. ఆ రోజు నాకు సంతోషంగా ఉండింది. ఎడమ మూలన తేదీ వేశాను.

సార్ ఆ కాగితం కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూశారు. మణికట్టు బాగుందన్నారు. చూపుడువేలు వంగిన చోట బరువు తెలుస్తోందన్నారు. తర్వాత గోళ్ళ దగ్గర వేలు పెట్టారు.

"ఇవేంది? గోళ్ళా, చెంచాలా?"

వెనక కూర్చున్నవాళ్ళు నవ్వారు.

"గోరు చర్మంల కూసుంటది. మీద ఎక్కి కూసోదు. పొయ్యి మల్ల చూడు. సక్కగ చూసి గీసుకరా."

ఆయన చెప్పింది ఇంతే. మళ్ళీ చూడమన్నారు. దీన్ని నేను స్పష్టంగా రాయాలి, ఎందుకంటే ఆ తర్వాత చాలా నెలలు నాలో నేను తప్పు ఆయన మీద పెట్టుకుని తిరిగాను.

నేను మళ్ళీ చూడలేదు. ఇంటికెళ్ళి అవ్వను మళ్ళీ కదలకుండా కూర్చోబెట్టడానికి నాకు ఓపిక లేదు. నవ్విన వాళ్ళ ముందుకు మళ్ళీ చెంచాలు పట్టుకుని వెళ్ళడం ఇష్టం లేదు. తర్వాతి క్లాసు రోజు అరగంట ముందే వచ్చి, ఎవరూ లేని గదిలో కూర్చుని, ఆ గోళ్ళను రబ్బరుతో చెరిపాను. నా ఎడమచేతిని ఎదురుగా పెట్టుకుని, నా గోళ్ళు చూసి గీశాను. పది నిమిషాలు పట్టింది. నా గోళ్ళు నాకు అలవాటే.

సార్ వచ్చి చూసి, "ఇగో, ఇప్పుడు చెయ్యి లెక్కుంది. చూస్తే వస్తదని చెప్తి గద" అన్నారు. నేను తల ఊపాను.

బొమ్మ అవ్వకు కూడా చూపించాను. చేతిలోని ఆకు చాటలో వేసి, చేతులు చీరకు తుడుచుకుని కాగితం పట్టుకున్నది. బొమ్మను చూసింది, తన చేతిని చూసుకున్నది, మళ్ళీ బొమ్మను చూసింది. తర్వాత వేళ్ళు అరచేతిలోకి ముడుచుకున్నది.

"మంచిగ జేసినవ్ తియ్" అన్నది.

'ఏసినవ్' అనలేదు. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం ఆ ముడుచుకున్న వేళ్ళు గుర్తొస్తాయి. తన చేతులు బాగాలేవనీ, కూతురు వాటిని మంచిగా చేసి చూపించిందనీ అనుకుని ఉంటుంది.

శివరాత్రికి ముందు అవ్వకు ఆయాసం మొదలైంది. నల్లా నుంచి బిందె తెచ్చి గడప మీదే కూలబడేది. అక్క బీర్కూర్ నుంచి వచ్చి కొట్లాడి ఒప్పించింది. నేను అవ్వను తీసుకుని కామారెడ్డి దవాఖానకు వెళ్ళాను. బస్సు లింగంపేట దాటేదాకా అవ్వ కిటికీలోంచి పొలాలు చూస్తూ, ఎవరు నాటేశారు, ఎవరు వెయ్యలేదు అని చెబుతూనే ఉంది. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగేది.

డాక్టర్ చిన్నవాడు. ఛాతీకి గొట్టం పెట్టి విన్నాడు. తర్వాత అవ్వ చెయ్యి పట్టుకుని వేళ్ళు చూశాడు. రెండు చూపుడువేళ్ళ గోళ్ళను ఎదురెదురుగా ఆనించమన్నాడు. తన వేళ్ళు అట్లా పెట్టి చూపించాడు. ఆయన గోళ్ళ మధ్య చిన్న సందు కనపడింది, అందులోంచి వెలుగు వచ్చింది. అవ్వ గోళ్ళ మధ్య సందు లేదు.

"గోళ్ళు ఎన్ని దినాల నుంచి ఇట్లున్నయమ్మా?"

"నాకేం ఎరుక సారు" అన్నది అవ్వ. తర్వాత నా వైపు చెయ్యి చూపించింది. గొంతులో గర్వం ఉంది. "గీ చిన్నదాన్ని అడుగుండ్రి. ఇది నా చేతుల బొమ్మ ఏసింది. రోజూ కూసుండి చూసింది. దీనికి తెల్వకుంటే ఎవ్వలకు తెల్వది."

డాక్టర్ నా వైపు చూశాడు.

నాకు తెలుసు. నెల మాత్రమే కాదు, రోజు కూడా తెలుసు. నేనే తేదీ వేశాను.

"గమనించలేద్సార్" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. అవ్వ నన్నే చూస్తోంది.

ఊపిరితిత్తులు చాలా ఏళ్ళుగా పాడవుతూ వచ్చాయని, గోళ్ళు అట్లా వంగడం దాని గుర్తేనని, జబ్బు బాగా ముదిరిందని చెప్పారు. హైదరాబాద్ పంపారు. మూడుసార్లు వెళ్ళాం. ఆరు నెలల ముందు వస్తే ఏమయ్యేదని నేను అక్కడి డాక్టర్‌ను ఒంటరిగా అడిగాను. "చెప్పలేం" అన్నారు. బతికేదని చెప్పినా, బతికేది కాదని చెప్పినా నాకు ఏదో ఒకటి మిగిలేది. చెప్పలేం అన్న మాటతో ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఎండాకాలం కాలేజీ సీటు కోసం ఇంటర్వ్యూకు వెళ్ళాను. ఫైలులో అవ్వ చేతులే మొదటి బొమ్మ. అది పెట్టొద్దని అనుకున్నాను. పెట్టాను. అక్కడ కూర్చున్న పెద్దావిడ ఆ కాగితం దగ్గరే ఆగి, "బాగా చూశావమ్మా" అన్నది. సీటు వచ్చింది. కాలేజీలో చేరిన నెలకు, వానల్లో, అవ్వ పోయింది. చివరి వారం ఆమె చేతులు దుప్పటి మీద ఉండేవి. నేను పక్కనే కూర్చుని కూడా వాటిని చూసేదాన్ని కాదు.

ఇంటర్వ్యూ అయ్యాక సార్ ఆ బొమ్మ అడిగి తీసుకుని గదిలో గోడకు పెట్టుకున్నారు. ఈ మధ్య అవ్వ సంవత్సరీకం దగ్గరపడ్డప్పుడు అక్క ఫోన్ చేసింది. "అవ్వ ఫోటో ఒక్కటి సక్కగ లేదు. నువ్వేసిన చేతుల బొమ్మ ఉండె గద, గది తే. ఫ్రేము కట్టిచ్చి గోడకు పెడుదం" అన్నది. నేను వద్దనడానికి కారణం చెప్పలేకపోయాను. కామారెడ్డి వెళ్ళాను.

సార్ గోడ మీంచి కాగితం తీసి ఇస్తుంటే నేను చెప్పేశాను. మళ్ళీ చూడలేదని, నా గోళ్ళు పెట్టానని, డాక్టర్ అడిగితే అబద్ధం చెప్పానని. ఆయన కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుగుకు ఏటవాలుగా పట్టుకున్నారు. దగ్గరికి రమ్మన్నారు. నేను గీసిన గోళ్ళ కింద, చెరిపిన గోళ్ళ గాడులు సన్నగా కనపడుతున్నాయి. రంగు పోయింది. నొక్కి గీసింది పోలేదు.

"నేను మల్ల చూడమన్న గద" అన్నారు. నన్ను నొప్పించాలని కాదు, గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"అవున్సార్."

కాగితం దించి, "నువ్వు చూసొచ్చి, గట్లనే ఉన్నయ్ సార్ అంటే, నేను నమ్ముదునా?" అన్నారు. నన్ను కాదు అడిగింది. జవాబు కూడా ఆయనే చెప్పారు. "నమ్మకపోదునేమో."

అది నా తప్పును తగ్గించదు. ఆయన కూడా తగ్గించడానికి అనలేదు. బొమ్మను పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇచ్చారు.

ఎల్లారెడ్డిలో అక్క ముందురోజే వచ్చి ఇల్లు కడుగుతోంది. చేతులు తుడుచుకుని కాగితం విప్పింది. గడప దగ్గర, అవ్వ కూర్చునే చోటే నిలబడి చూసింది. నేను చెప్పడానికి మాటలు కూడగట్టుకుంటున్నాను. అంతలోనే అక్క అన్నది:

"గీ గోళ్ళు నీ లెక్కున్నయేందే?"

ఎవరూ అడగనిది అక్క అడిగింది. చిన్నప్పుడు నా గోళ్ళు కత్తిరించింది అక్కే. నేను మొత్తం చెప్పాను. నిలబడే చెప్పాను. అక్క మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక కాగితాన్ని మడతపడకుండా అల్మారా మీద పెట్టి, బకెట్ దగ్గరికి వెళ్ళి మిగతా గచ్చు కడిగింది. చాలాసేపు కడిగింది.

లోపలికి వచ్చాక, "దవాఖానల గట్లెందుకన్నవ్?" అన్నది.

"భయమైందక్కా."

"అవ్వ ముంగటనే?"

"ఊఁ."

"అవ్వకు తెలిసే ఉంటది." అంతే అన్నది. ఓదార్చలేదు. కోపంగా ఉందో లేదో కూడా నాకు తెలియలేదు. "గది ఫ్రేము కట్టియ్యొద్దు. అవి అవ్వ చేతులు కావు" అన్నది.

మరునాడు సంవత్సరీకం అయింది. చుట్టాలు తిని వెళ్ళారు. సాయంత్రం అక్క చాట ముందేసుకుని కూర్చున్నది. కార్ఖానాకు ఇవ్వాల్సిన కట్టలు ఉన్నాయట, ఆకు బీర్కూర్ నుంచి వెంట తెచ్చుకున్నది. నేను ఎదురుగా కూర్చుని, "అక్కా, చేతులు చూపెట్టు" అన్నాను.

"బొమ్మ ఏస్తవా?"

"ముందు చూపెట్టు."

రెండు చూపుడువేళ్ళు ఎదురెదురుగా పెట్టించాను. గోళ్ళు ఆనించి వెలుగుకు పట్టించాను. సందు ఉంది. సన్నగానే ఉంది, కానీ ఉంది. నేను రెండుసార్లు చూశాను. అక్క వేళ్ళు వదిలించుకోలేదు. మూడోసారి తనే ఎత్తి పట్టుకుని తను కూడా చూసుకున్నది.

తర్వాత గీయడం మొదలుపెట్టాను. కాగితం మీద ముందే తేదీ వేశాను. అక్క చేతులు అవ్వ చేతులంత వేగంగా పోవు, అయినా నాకు అందడం లేదు. ఆగమని అనలేదు. మూడు గీతలు పడ్డాక అక్కకు దగ్గు వచ్చింది. చేతులు కదలకుండా పెట్టి, పెదాలు బిగబట్టింది.

నేను పెన్సిల్ కింద పెట్టాను.

"దగ్గక్కా" అన్నాను. "చేతులు ఇడిసిపెట్టు. మంచిగ దగ్గు."